పాత ఎలక్ట్రిక్ గిటారులో ఏది ఒరిజినల్, ఏది మధ్యలో బిగించింది? విప్పి చూసుకునే పద్ధతి

చర్చి క్వయర్‌లో ఏళ్ల తరబడి వాయించినవి, ఆర్కెస్ట్రా పార్టీలు మూలన పడేసినవి, అమెరికా నుంచి బంధువులు తెచ్చి వదిలేసి పోయినవి. తిరుపతి, చిత్తూరు వైపు పాత ఎలక్ట్రిక్ గిటార్లు ఎక్కువగా ఈ దారుల్లోనే బేరానికొస్తాయి. అమ్మేవాళ్లు చెప్పే మాట ఒక్కటే: “అంతా ఒరిజినలే.” వాళ్లు అబద్ధమాడుతున్నారని కాదు. చాలామందికి నిజంగానే తెలీదు. ఎప్పుడో ఒక రేడియో మెకానిక్ వాల్యూమ్ కంట్రోల్ మార్చి ఉంటాడు, చెన్నైలో ఇంకెవరో తీగలు బిగించే కీలు మార్చి ఉంటారు. ఆ సంగతి చేతులు మారేటప్పుడు గిటారుతో పాటు రాదు.

కింద చెప్పేవన్నీ ఒకే పట్టు మీద నడుస్తాయి. భాగం మీదున్న ముద్ర కన్నా, ఆ భాగం కింద చెక్క మీదున్న జాడను ఎక్కువ నమ్మాలి. పాత ముద్రతో కొత్త సామాను ఈరోజు డబ్బు పెడితే దొరుకుతుంది. ఎన్నడో వేసిన స్క్రూ రంధ్రాన్ని మాత్రం ఎవరూ అమ్మలేరు.

1. ముందు అది ఏ గిటారో తేల్చుకోండి

ఒరిజినల్ అంటే “ఆ మోడల్‌కు ఆ ఏడాది ఫ్యాక్టరీలో బిగించింది” అని అర్థం. మోడల్, ఏడాది తెలీకుండా ఒరిజినల్ అనే మాటకు అర్థం లేదు.

మనవైపు ముందుగా చూసుకోవాల్సింది తల (మెడ కొసన కీలుండే చోటు) మీది పేరు. గివ్సన్ కోల్‌కతాకు చెందిన మన దేశపు కంపెనీ. దానికీ అమెరికన్ గిబ్సన్‌కూ సంబంధం లేదు. హోబ్నర్ కూడా మనదేశపు పేరే. జర్మనీ హోఫ్నర్ వేరు. పేరులో ఒక్క అక్షరం తేడాతో ధర ఎక్కడికో పోతుంది కాబట్టి ఫోటోలో చూసి కాదు, గిటారు చేతిలో పెట్టుకుని చదవండి.

సీరియల్ నంబరు రాసుకోండి కానీ దాని మీద తీర్పు చెప్పకండి. అమెరికన్ కంపెనీ ఫెండర్ గిటార్లలో 1976 దాకా నంబరు ఎక్కువగా మెడ బిగించే ఇనుప పలక మీద ఉంటుంది. నాలుగు స్క్రూలు విప్పితే ఆ పలక ఇంకో గిటారుకు పోతుంది. 1976 నుంచి నంబరు తలమీదికి వచ్చింది.

2. కావాల్సిన సామాను

• మంచి వెలుతురు, టేబుల్ మీద మందపాటి దుప్పటి
• స్టార్ స్క్రూడ్రైవర్లు రెండు సైజులు, మైనస్ ఒకటి. అరిగిపోయినవి వద్దు
• డిజిటల్ వెర్నియర్ కాలిపర్. లేకపోతే తెలిసిన లేత్ షాపులో కాసేపు అడగండి
• మల్టీమీటర్
• ఫ్రిజ్‌కు అంటించే చిన్న అయస్కాంతం
• భూతద్దం, సెల్‌ఫోన్ టార్చి
• స్క్రూలు వేసుకోను మాత్రల డబ్బా, ఒక్కో గడికీ ఒక చీటీ

అయస్కాంతం విషయంలో జాగ్రత్త. తీగల కదలికను పట్టి కరెంటుగా మార్చే భాగాలను పికప్‌లు అంటారు; ఒకే చుట్టున్న పాత సింగిల్ కాయిల్ పికప్‌లలో పైకి కనిపించే కడ్డీలే అయస్కాంతాలు. బలమైన నియోడైమియం ముక్క వాటి దగ్గరికి పోతే వాటి శక్తి తగ్గిపోతుంది. పికప్‌ల దగ్గరికి ఏ అయస్కాంతమూ తీసుకుపోవద్దు.

తీగలు తీసేటప్పుడు ఆరూ కొంచెం కొంచెంగా వదులు చేయండి. గిటారు మీది కాకపోతే విప్పే ముందే అడగండి: “అన్నా, వెనక ప్లేటు, ముందున్న పలక పిక్‌గార్డు ఒకసారి తీసి చూసుకుంటాను, మళ్లీ ఉన్నదున్నట్టు బిగిస్తాను.” ఒప్పుకోకపోతే గొడవ అక్కర్లేదు, లోపలంతా మార్చేశారనే లెక్కతో ధర చెప్పండి.

3. విప్పే వరుస

బయటి ఫోటోలు, తర్వాత స్క్రూలు, తర్వాత కీలు, బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం), ఆపై లోపలి వైర్లు, చివర్లో పికప్‌లు. మెడ విప్పడం అన్నిటికన్నా చివర, అదీ అవసరమైతేనే. ప్రతి మెట్టు దగ్గరా విప్పకముందు ఒక ఫోటో, విప్పాక ఒకటి.

నాబ్‌లు ఊడదీయడానికి స్క్రూడ్రైవర్ దూర్చకండి. పాత ప్లాస్టిక్ పెచ్చులూడుతుంది. పల్చటి గుడ్డ నాబ్ కిందికి పోనిచ్చి, రెండు కొసలూ పట్టి నిటారుగా పైకి లాగండి. పాత పిక్‌గార్డులు కుంచించుకుపోయి ఉంటాయి. స్క్రూలన్నీ తీశాకే ఎత్తాలి. ఒక మూల పట్టి వంచితే పగులుతుంది.

4. స్క్రూలు

చాలామంది స్క్రూలను చూడరు. నేనైతే అక్కడే మొదలుపెడతాను.

తల చెదిరిన స్క్రూ కనిపిస్తే ఆ భాగాన్ని ఎవరో విప్పారని అర్థం. విప్పినంత మాత్రాన మార్చారని కాదు, కానీ అనుమానం మొదలవ్వాల్సింది అక్కడే. ఒకే భాగానికి మూడు పాత స్క్రూలు, ఒకటి మెరిసే కొత్తది ఉంటే ఆ కొత్తదాన్ని పక్కన పెట్టి రంధ్రం చూడండి. చెక్క పచ్చిగా, తెల్లగా కనిపిస్తే రంధ్రం కొత్తది. పాత రంధ్రం లోపల నల్లబడి, అంచున పాలిష్ కొద్దిగా లోపలికి తిరిగి ఉంటుంది.

ఫెండర్ తొలి ఏళ్లలో మైనస్ స్క్రూలు వాడి, 1950ల మొదట్లోనే స్టార్ స్క్రూలకు మారింది. 1960ల ఫెండర్ పిక్‌గార్డుకు మైనస్ స్క్రూలు కనిపిస్తే అవి మన ఊరి హార్డ్‌వేర్ షాపువే అయి ఉంటాయి.

5. కీలు

తల వెనక కీలను కదపకుండా ముందు చుట్టూ చూడండి. మారిన కీలు జాడ వదలకుండా పోవు. చెప్పులు విప్పినా కాలి మీద పట్టీల చారలు మిగిలినట్టు, పాత పలక కిందున్న పాలిష్ రంగు వేరుగా ఉంటుంది. పూడ్చిన చిన్న రంధ్రాలు టార్చిని పక్కనుంచి ఏటవాలుగా కొడితే తేలతాయి.

1950, 60ల ఫెండర్, గిబ్సన్‌ల మీద ఎక్కువగా క్లూసన్ డీలక్స్ కీలుంటాయి. వీటి వెనక పళ్లచక్రాన్ని మూసే డబ్బీల మీది కంపెనీ పేరు రాతను బట్టి కాలం అంచనా వేస్తారు:

• 1950ల మొదటి సగంలో ఎక్కువగా రాత ఉండదు
• సుమారు 1956 నుంచి 1964 దాకా రాత నిలువుగా ఒకే వరుసలో
• 1964 నుంచి రెండు వరుసలుగా
• ఫెండర్‌లో 1967 ప్రాంతం నుంచి ఎఫ్ అక్షరం చెక్కిన కీలు

గిబ్సన్ కీల ప్లాస్టిక్ తలలు ఏళ్లు గడిచేకొద్దీ కుంచించుకుని, పొడిపొడిగా రాలిపోతాయి. తలలు మాత్రమే మార్చి, డబ్బీలు పాతవే ఉంచిన గిటార్లు చాలా ఉన్నాయి. దాన్ని తప్పుగా చూడక్కర్లేదు, “తలలు కొత్తవి” అని రాసుకుంటే చాలు.

అసలు కొలత రంధ్రానిది. క్లూసన్ కీలకు తలలో సుమారు 8.7 మి.మీ. రంధ్రం సరిపోతుంది, ముందువైపు నొక్కి దించిన చిన్న గొట్టం ఉంటుంది. గ్రోవర్, షాలర్ రకం కీలకు ముందువైపు మరలతో బిగించే నట్టు, 10 మి.మీ. రంధ్రం కావాలి. అంటే పాత గిటారుకు గ్రోవర్ కీలు బిగించినవాడు చెక్కను తొలిచాడు. తర్వాత మళ్లీ క్లూసన్ తెచ్చి పెట్టినా, సన్నం చేసే వలయం లాంటి ముక్క వేయకుండా నిలబడదు. ముందువైపు ఆ వలయం కనిపిస్తే కథ తెలిసిపోయినట్టే.

ఫెండర్‌లో ఇంకో గుర్తు. ఆరు క్లూసన్ కీలు ఒకదాన్నొకటి ఆనుకుని, పక్కపక్క కీలు ఒకే స్క్రూను పంచుకుంటాయి. అందుకే ఆరింటికి 12 కాదు, ఏడే స్క్రూలు. ఏడుకన్నా ఎక్కువ రంధ్రాలుంటే మధ్యలో వేరే రకం కీలు వచ్చిపోయాయి.

6. బ్రిడ్జి, టెయిల్‌పీస్

స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) రకం గిటారు అయితే ముందు కాలిపర్ తీయండి. మొదటి తీగ నడుమ నుంచి ఆరో తీగ నడుమ దాకా, బ్రిడ్జి దగ్గర కొలవండి. పాత అమెరికన్ స్ట్రాట్‌లో ఇది 56 మి.మీ. దగ్గర ఉంటుంది. చాలా ఆసియా కాపీల్లో 52–53 మి.మీ. ఈ ఒక్క కొలతతో సగం అనుమానాలు తీరిపోతాయి.

తర్వాత శాడిల్స్, అంటే బ్రిడ్జి మీద ఒక్కో తీగ ఆనే చిన్న ముక్కలు. 1954 నుంచి 1971 ప్రాంతం దాకా ఇవి ఇనుప రేకు వంచి చేసినవి, మీద ఫెండర్ ప్యాట్ పెండ్ (పేటెంట్ పెండింగ్) అని కొట్టి ఉంటుంది. ఆ తర్వాత పోత పోసిన లావు శాడిల్స్ వచ్చాయి. అయితే 1982లో ఫెండర్ పాత మోడళ్లను మళ్లీ తయారు చేయడం మొదలుపెట్టాక ఆ రాతతోనే కొత్త శాడిల్స్ వచ్చాయి. కాబట్టి రాతను కాదు, అరుగుదలను చదవండి. కుడిచేతితో వాయించేవాళ్ల అరచేయి లావు తీగల వైపు ఆనుతుంది. చెమట పడేది అక్కడే. ఆ వైపు ఎత్తు సరిచేసే చిన్న స్క్రూలు తుప్పుపట్టి, సన్న తీగల వైపు కాస్త శుభ్రంగా ఉండడం సహజం. ఆరు శాడిల్స్ ఒకే తీరున, కొలిచి పూసినట్టు తుప్పుపట్టి ఉంటే అది యాసిడ్ పని.

వెనక మూత తీసి, స్ప్రింగులు తగిలించే దిమ్మెకు అయస్కాంతం పెట్టండి. 1971 ప్రాంతం దాకా అది ఉక్కు, గట్టిగా పట్టుకుంటుంది. తర్వాత వచ్చిన పోత దిమ్మెకు పట్టదు. ఒక్క హెచ్చరిక: నికెల్ పూతకే అయస్కాంతం కొద్దిగా అంటుతుంది. పట్టు ఉందా లేదా అని కాదు, ఎంత గట్టిగా ఉందో చూడాలి.

గిబ్సన్ రకమైతే బ్రిడ్జిని ఎత్తి కడుపు చూడండి. ఏబీఆర్-1 అనే బ్రిడ్జి 1954లో వచ్చింది. కిందవైపు ఆ పేరు పోతలోనే ఉంటుంది. 1962 ప్రాంతం దాకా శాడిల్స్ జారిపోకుండా పట్టే తీగ ఉండదు, ఆ తర్వాత ఉంటుంది. 1970ల మధ్యలో వెడల్పాటి నాష్‌విల్ బ్రిడ్జి వచ్చింది.

ఇక్కడ కూడా చెక్కే సాక్ష్యం. ఏబీఆర్-1 స్తంభాలు సన్నటి మరలు, నేరుగా చెక్కలోకి దిగుతాయి. నాష్‌విల్‌కు చెక్కలో లావు లోహపు గొట్టాలు దించాలి. 1960ల గిటారులో ఆ గొట్టాలు కనిపిస్తే ఎవరో డ్రిల్లు పట్టారు.

టెయిల్‌పీస్ (బ్రిడ్జి వెనక తీగల కొసలు పట్టి ఉంచే ముక్క) ఊడదీసి దగ్గర్లో తెలిసిన బంగారు కొట్టుకు తీసుకుపోండి, గాంధీ రోడ్డులోనైనా, మీ వీధిలోనైనా. గ్రాముల కాటా మీద ఒక్క నిమిషం పని. 1950, 60ల అల్యూమినియం టెయిల్‌పీస్ సుమారు 30–40 గ్రాములు తూగుతుంది. తర్వాతి కాలపు జింక్‌ది 80 దాటుతుంది. రెంటికీ అయస్కాంతం గట్టిగా అంటదు కాబట్టి తూకమే దారి. సేటు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

7. నికెలా, క్రోమా?

పాత గిబ్సన్ సామాను నికెల్ పూతది, 1960ల మధ్య నుంచి క్రోమ్‌కు మారింది. నికెల్ వయసొచ్చేకొద్దీ పాలపొర కమ్మినట్టు మందగిస్తుంది, మెరుపులో లేత పసుపు ఛాయ ఉంటుంది. క్రోమ్ నీలిఛాయతో మెరుస్తూనే ఉంటుంది, పాడైతే చుక్కచుక్కలుగా పొక్కుతుంది. రెండూ ఒకే గిటారు మీదుంటే ఏదో ఒకటి మారిందనుకోవచ్చు, మారుతున్న ఏళ్లలో చేసిన గిటార్లకు తప్ప.

బ్రాసో పెట్టి తోమకండి. పొడి మెత్తటి గుడ్డ చాలు. తోమిన నికెల్ మీద ఇక ఏ జాడా చదవలేరు.

8. లోపల: కంట్రోళ్లు, సీసం, వైర్లు

అన్నిటికన్నా ఎక్కువసేపు కూర్చోవాల్సింది ఇక్కడ. అమెరికన్ కంట్రోళ్ల (నాబ్‌ల కింద వాల్యూమ్, టోన్ మార్చే భాగాల) వీపు మీద గానీ పక్కన గానీ ఆరు లేదా ఏడు అంకెలు కొట్టి ఉంటాయి. మొదటి మూడు తయారీదారు: 137 అంటే సీటీఎస్, 304 అంటే స్టాక్‌పోల్, 134 అంటే సెంట్రలాబ్. మిగిలినవి ఏడాది, వారం.

• 1376633: సీటీఎస్, 1966, 33వ వారం
• 3046320: స్టాక్‌పోల్, 1963, 20వ వారం
• 304631: ఆరంకెలే ఉన్నాయి కాబట్టి ఏడాదికి ఒక్క అంకె, 1950లదైతే 1956, 31వ వారం

చివరి రెండంకెలు 53 దాటితే మీరు తప్పు చదివారు, లేదా వైర్లు అతికిన సీసం (సోల్డర్) కింద ఒక అంకె దాగి ఉంది. దాన్ని గీకొద్దు.

ఈ తేదీ ఒక్క విషయమే చెబుతుంది: గిటారు అంతకన్నా ముందు తయారై ఉండదు. తర్వాత ఎంతకాలానికి తయారైందో చెప్పదు. ఫెండర్ 1966లో పెద్ద మొత్తంలో కంట్రోళ్లు కొని, వాటిని 1969 దాకా వాడుకుంటూ వచ్చింది. 1969 గిటారులో 66 అంకె కనిపిస్తే కంగారు అక్కర్లేదు. 1965 అని అమ్ముతున్న గిటారులో 72 కనిపిస్తే, ఆ కంట్రోల్ అయినా మారింది, అమ్మేవాడి కథ అయినా తప్పు. రెంటిలో ఏదో సీసం చెబుతుంది.

సీసాన్ని చదవడం ఎలాగంటే, ఫ్యాక్టరీ అతుకు వయసుతో మందగించి, చుట్టూ గోధుమరంగు జిగురు ఎండిపోయి ఉంటుంది. తర్వాత వేసిన అతుకు మెరుస్తుంది లేదా ముద్దగా ఉంటుంది. కింద పాత సీసం మరక పక్కకు తొంగిచూస్తుంది. అతుకు దగ్గర వైరు తొడుగు కాలి నల్లబడితే ఎవరో తొందరలో చేసిన పని. నా ఉద్దేశంలో కదలని అతుకు ముద్ర కొట్టిన భాగం కన్నా విలువైనది.

వైర్లు: ఫెండర్ 1967–68 దాకా గుడ్డ తొడుగు వైరు వాడింది, తర్వాత ప్లాస్టిక్. గిబ్సన్ హంబకర్ల (రెండు చుట్లున్న పికప్‌ల) నుంచి వచ్చేది అల్లిన లోహపు తొడుగున్న వైరు. మన రేడియో షాపుల్లో దొరికే ఎరుపు, పచ్చ, పసుపు సన్న వైర్లు మధ్యలో కనిపిస్తే అతుకు ఎక్కడిదో అడగక్కర్లేదు.

పికప్‌లు ఎంచుకునే స్విచ్చి: స్ట్రాట్‌కు 1977 దాకా మూడు స్థానాల స్విచ్చే. అంతకు ముందటి గిటారులో ఐదు స్థానాలది ఉంటే మార్చారు. ఇది చాలామంది వాయించేవాళ్లు ఇష్టపడి చేసుకున్న మార్పు. పాత స్విచ్చి ఉందా అని అడగండి.

9. పికప్‌లు, మన ఎండ

మల్టీమీటర్‌ను 20 కిలో ఓమ్‌ల దగ్గర పెట్టి, వాల్యూమ్ పూర్తిగా తిప్పి, గిటారుకు పెట్టే కేబుల్ అవతలి చివర కొలవండి. పాత స్ట్రాట్ పికప్‌లు సాధారణంగా 5.5–6.5 కిలో ఓమ్‌లు, 1950ల చివరి గిబ్సన్ హంబకర్లు 7–9.

ఇక్కడ మనవాళ్లు పొరపాటు పడే చోటుంది. రాగి తీగ నిరోధం ప్రతి డిగ్రీ వేడికీ సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల ఏసీ గదిలో 7.5 చూపిన పికప్, మే నెలలో తిరుపతిలో 40 డిగ్రీల మిద్దెగదిలో 8.1 దగ్గర చూపిస్తుంది. విదేశాల్లో కొలిచిన అంకెతో సరిపోలలేదని “తీగ మళ్లీ చుట్టించారు” అనుకోకండి. తెల్లవారుజామున కొలవండి, పక్కన ఉష్ణోగ్రత కూడా రాయండి.

గిబ్సన్ హంబకర్ కింద 1957 నుంచి 1962 ప్రాంతం దాకా పేటెంట్ అప్లైడ్ ఫర్ చీటీ ఉంటుంది. తర్వాతి చీటీ మీద పేటెంట్ నంబరు 2,737,842. తమాషా ఏమిటంటే ఆ నంబరు పికప్‌ది కాదు, ఒక టెయిల్‌పీస్‌ది. అలా ఉన్నందుకు నకిలీ అనుకోవద్దు, అలా ఉండడమే సరి. చీటీలు విడిగా కూడా అమ్ముతారు కాబట్టి చీటీ కన్నా లోహపు మూత అతుకులు చూడండి: రెండు వైపులా ఒక్కో సీసం బొట్టు, కదలకుండా. మూత తెరిచి మళ్లీ అతికితే ఆ బొట్టు చెదిరి పెద్దదవుతుంది.

10. జపాన్ గిటార్లైతే

మనవైపు చేతికొచ్చే మంచి పాత గిటార్లలో ఇవి ఎక్కువ. వీటికి అమెరికన్ కొలతలు పెట్టకండి. కంట్రోళ్లు చాలావరకు చిన్నవి, 16 మి.మీ. వెడల్పు, అమెరికన్‌వి 24 దగ్గర. నాబ్ కూర్చునే కడ్డీ పళ్లు లావుగా 18; అమెరికన్ సీటీఎస్‌కు సన్నగా 24. నాబ్ ఒకదానిది ఇంకోదానికి బిగుసుకోదు. బలవంతంగా తోసిన నాబ్ లోపల పగులు కనిపిస్తుంది.

ఐబనెజ్‌లో 1975 మధ్య నుంచి చాలావాటికి నంబరు ముందు అక్షరం నెల, తర్వాతి రెండంకెలు ఏడాది. ఎఫ్ 76 అని మొదలైతే 1976 జూన్. ఫెండర్ జపాన్‌లో జేవీ అని మొదలయ్యేవి 1982–84 కాలానివి.

11. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దే దారి

• స్క్రూ కదలట్లేదు: బలం పెట్టకండి. వేడి సోల్డరింగ్ ఇనుము మొనను స్క్రూ తల మీద కాసేపు ఆనించి, చల్లారాక తిప్పండి. పక్కన పాలిష్‌కు తగలకూడదు.
• రంధ్రం వదులైంది: లావు స్క్రూ వేయకండి. టూత్‌పిక్ ముక్కకు చెక్క జిగురు రాసి దించి, ఆరాక పాత స్క్రూనే బిగించండి.
• కంట్రోల్ గరగరమంటోంది: అది మార్చడానికి కారణం కాదు. కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి ఇరవై ముప్పై సార్లు తిప్పండి.
• ఒక్క భాగం తేదీ చూసి గిటారు వయసు చెప్పేశారు: కనీసం మూడు చోట్ల చూడండి, కంట్రోళ్లు, కీలు, మెడ మడమ (మెడ బాడీలో కూర్చునే చివర) మీది తేదీ.
• స్క్రూలు కలిసిపోయాయి: ఫోటోలు, పొడవు, తల మీది అరుగుదల చూసి వేరుచేయండి. తెలీకపోతే చిన్నవాటినుంచి బిగించి చూడండి. పొడవైన స్క్రూ తప్పు చోట పడితే అవతలికి తేలుతుంది.

12. ధర చెప్పే ముందు

మూడు గడులు గీసి కాగితం నింపండి: ఒరిజినల్, మార్చినది కానీ వెనక్కి తేగలిగేది, చెక్క కోల్పోయినది.

☐ కీల రంధ్రం కొలత, అదనపు స్క్రూ రంధ్రాలు
☐ బ్రిడ్జి స్తంభాలు నేరుగా చెక్కలోకా, గొట్టాల్లోకా
☐ తీగల వెడల్పు, టెయిల్‌పీస్ తూకం
☐ ప్రతి కంట్రోల్ అంకెలు
☐ కదలని అతుకులు ఎన్ని
☐ పికప్ కొలత, ఆనాటి ఉష్ణోగ్రత
☐ పికప్ గుంతల్లో ఉలి గానీ చెక్క తొలిచే రౌటర్ మెషిన్ గానీ పట్టిన పచ్చి చెక్క

రెండో గడిలో ఎన్ని ఉన్నా నేను పెద్దగా వెనకాడను. కంట్రోలో స్విచ్చో మారిన గిటారు బాగా వాయించిన గిటారు. మూడో గడిలో ఒక్కటున్నా బేరం మాట మారాలి, ఎందుకంటే ఏ సామాను తెచ్చినా ఆ చెక్క తిరిగి రాదు.

డబ్బిచ్చే ముందు ఆఖరుగా ఒకటి అడగండి: “తీసేసిన పాత ముక్కలేమైనా ఇంట్లో పడున్నాయా?” మనవాళ్లు ఇనుప ముక్క పారేయరు. బీరువా పైన బిస్కెట్ డబ్బాలో పాత కీలో, విరిగిన స్విచ్చో, అరిగిన శాడిలో దొరికే అవకాశం ఉంది. దొరికితే ఒక్కోదాన్ని దాని రంధ్రంలో పెట్టి చూసి, కుదిరినవన్నీ గిటారుతో పాటే అడిగి తీసుకోండి, పనిచేయనివి కూడా.